మ్యాప్ మీద చుక్క లేని పెరడు

కేంబ్రిడ్జి చుట్టుపక్కల పల్లెల్లో స్థలం కొని సొంతంగా ఇల్లు కట్టుకునే తెలుగువాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. వాళ్లలో ఒక జంట మా ఆఫీసుకు పని ఇచ్చే ముందు నాకు ఫోన్ చేశారు. ఆ అమ్మాయి గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

"అక్కా, ప్లానింగ్‌కి పెట్టాలంటే ఆర్కియాలజీ రిపోర్టు కూడా కావాలంటున్నారు. మాది చర్చి పక్క వీధిలో ఒక పెరడు. పాత షెడ్డూ, రెండు ఆపిల్ చెట్లూ తప్ప ఇంకేం లేవు. పాతవి దొరికిన చోట్ల చుక్కలు పెట్టే కౌంటీ వాళ్ల మ్యాప్‌లో మా స్థలం మీద ఒక్క చుక్క కూడా లేదు. మరి రిపోర్టు ఎందుకు?"

ఆ ప్రశ్నకు ఫోన్‌లో చెప్పిన జవాబు సరిపోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇల్లు కట్టుకునేవాళ్లకే కాదు, ఊళ్లంటే ఇష్టం ఉన్నవాళ్లందరికీ పనికొస్తుందని నా నమ్మకం.

నా ఉద్యోగం ఇదే. ఎక్కడైనా కట్టడం మొదలుపెట్టే ముందు ఆ నేల కింద ఏ కాలం నాటివి, ఎంత లోతులో, ఏ స్థితిలో మిగిలి ఉండే అవకాశం ఉందో పాత కాగితాలూ మ్యాపులూ చూసి, స్థలం మీద ఒకసారి నడిచి, అంచనా రాయడం. దీన్ని డెస్క్ బేస్డ్ అసెస్‌మెంట్ అంటారు. పలుగూ పారా ముట్టుకోకముందు జరిగే పని.

ఇంగ్లండులో ఇది ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటేమీ కాదు. 1989లో లండన్ సదరక్‌లో ఆఫీసు బిల్డింగు కోసం తవ్వుతుంటే 1587లో కట్టిన రోజ్ థియేటర్ పునాదులు బయటపడ్డాయి. వాటిని కాపాడాలని నటులు, విద్యార్థులు, మామూలు జనం రోడ్డు మీదికొచ్చి నిలబడ్డారు. అప్పటికే అనుమతులు అయిపోయాయి, డిజైన్లు అయిపోయాయి, ఆఖరి నిమిషంలో అందరికీ నష్టమే. మరుసటి ఏడాది, 1990 నవంబరులో, ప్రభుత్వం పీపీజీ 16 అనే మార్గదర్శకం తెచ్చింది. నేల కింద ఏముందో కట్టేవాళ్లే ముందుగా చూపించాలి, ఖర్చూ వాళ్లే పెట్టుకోవాలి అన్నది దాని సారాంశం. ఆ కాగితం ఇప్పుడు లేదు గానీ, 2012 నుంచి వస్తున్న జాతీయ ప్లానింగ్ విధానంలో ఆ మాట అలాగే ఉంది. పురావస్తువులు ఉండే అవకాశం ఉన్న చోట ముందు కాగితాల మీద అంచనా, అది చాలకపోతే నేల మీద పరీక్ష.

మాది మాచర్ల వైపు. సాగర్ నీళ్లు ముంచేలోపు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, దొరికినంత పైకి తెచ్చి కొండమీద మ్యూజియంలో పెట్టిన సంగతి మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక్ష్వాకుల విజయపురి ఈరోజు మనకు ఆ మాత్రమైనా తెలుసంటే ఆర్. సుబ్రహ్మణ్యం గారి బృందం ఆ ఆరేళ్లూ చేసిన కష్టమే కారణం. కాబట్టి కట్టే ముందు తవ్వి చూడటం నాకు కొత్తగా అనిపించలేదు. నాకు ఆశ్చర్యం కలిగించింది వేరే. అక్కడ ఒక మహానగరం, ఒక మహా డ్యాము, ప్రభుత్వం. ఇక్కడ మూడు బెడ్‌రూముల ఇంటికి, నాలుగు సెంట్ల పెరటికి కూడా అదే ప్రశ్న వేస్తారు. వేయాలి కూడా.

ఇక ఆ జంట స్థలం సంగతి. ఊరి పేరు చెప్పను. మెయిన్ స్ట్రీట్ మీద ఇళ్లు, ఇళ్ల వెనక పొడుగ్గా సన్నగా సాగే పెరళ్లు, ఆ పెరళ్ల చివర బ్యాక్ లేన్ అనే ఇరుకు దారి. తూర్పు ఇంగ్లండులో ఇలాంటి ఊళ్లు చాలా ఉంటాయి. వీళ్లు కొన్నది అలాంటి ఒక పెరటి వెనక సగం.

మొదటి పని హెచ్‌ఈఆర్‌కి, అంటే కౌంటీ నిర్వహించే హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డుకి, ఫీజు కట్టి సమాచారం తెప్పించుకోవడం. మేం స్థలం చుట్టూ కిలోమీటరు మేర అడిగాం. వచ్చిన మ్యాప్ మీద చుక్కలు బాగానే ఉన్నాయి. మధ్యయుగాల చర్చి. ఊరి అంచున నీటి కందకం చుట్టిన పాత భూస్వామి ఇంటి చోటు. ఇలాంటివి ఇంగ్లండులో ఆరు వేల దాకా తెలుసు, ఎక్కువ భాగం 1250, 1350 మధ్య తవ్వినవే. పొలాల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్లకు దొరికిన రోమన్ నాణేలు. ఊరికి ఉత్తరాన కొత్త కాలనీ కట్టినప్పుడు బయటపడిన ఇనుపయుగపు గుంతలు. ఊరి మధ్యలో మాత్రం, చర్చినీ, లిస్టెడ్ అనే చట్ట రక్షణ ఉన్న కొన్ని పాత ఇళ్లనూ తీసేస్తే, తెల్లగా ఖాళీ.

ఆ ఖాళీని చూసే వాళ్లు ధైర్యం తెచ్చుకున్నారు. నేను మాత్రం దాని పక్కన ఇంకో పొర తెరిచాను. హెచ్‌ఈఆర్‌లో దొరికిన వస్తువులకు ఒక పొర ఉంటే, ఎక్కడెక్కడ ఎవరు ఎప్పుడు తవ్వి చూశారో చెప్పే ఈవెంట్ల పొర ఇంకొకటి ఉంటుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే విషయం తేటతెల్లం. చుక్కలన్నీ తవ్విన చోటే ఉన్నాయి. తవ్వినవన్నీ ఊరి అంచుల్లో, బిల్డర్లు కాలనీలు వేసిన పొలాల్లో. మెయిన్ స్ట్రీట్‌కి అటూ ఇటూ ఒక్క ట్రెంచ్, అంటే పరీక్ష కోసం తవ్వే పొడవాటి గుంట, కూడా ఎవరూ వేయలేదు. అంటే ఆ మ్యాప్ పాత మనుషులు ఎక్కడ బతికారో చెప్పడం లేదు, గత ముప్ఫై ఏళ్లలో కొత్త ఇళ్లు ఎక్కడ లేచాయో చెబుతోంది.

తర్వాత మ్యాపులు. 1836 చట్టం తర్వాత చర్చి పన్నుల లెక్క తేల్చడానికి గీసిన టైత్ మ్యాపు ఈ ఊరికి మిగిలి ఉంది. దాంతోపాటు వచ్చే పట్టికలో ప్రతి తునకకూ నంబరు, యజమాని, కౌలుదారు, అందులో ఏముందో రాసి ఉంటుంది. మన అడంగల్ చూసినవాళ్లకు దాని రుచి తెలుస్తుంది. మా స్థలం ఉన్న తునక మీద ముందువైపు ఇల్లు, కొట్టం, వెనక తోట. 1880లలో వేసిన పెద్ద స్కేలు ఆర్డినెన్స్ సర్వే మ్యాపులో కూడా హద్దు గీత అక్కడే, అదే చిన్న వంపుతో ఉంది. ఈరోజు వాళ్ల కంచెలోనూ అదే వంపు. దాదాపు రెండు వందల ఏళ్లుగా కదలని హద్దు ఇంకెంత పాతదో అన్న అనుమానం అప్పుడే వచ్చింది.

ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఉచితంగా ఇచ్చే లైడార్ డేటా కూడా చూశాం. విమానం నుంచి లేజరుతో నేల ఎత్తుపల్లాలు కొలిచి, చెట్లూ కట్టడాలూ తీసేసి చూపించే బొమ్మ అది. బ్యాక్ లేన్ అవతలి పచ్చికలో మధ్యయుగపు దున్నకం గట్లు ఇప్పటికీ అలలు అలలుగా కనిపించాయి. లేన్‌కి ఇవతల గట్లు లేవు. అంటే అటు పొలం, ఇటు ఊరు. ఆ లేన్ మధ్యయుగాల నుంచీ ఊరికి పొలిమేరగా ఉండి ఉండాలి, మా స్థలం దాని లోపల ఉంది.

స్థలం మీద నడవడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. వాళ్లిద్దరూ కూడా వచ్చారు. షెడ్డు వెనక మూల, నడుము ఎత్తున, ముట్టుకుంటే చురుక్కుమనే నెటిల్ మొక్కలు గుబురుగా ఉన్నాయి. "ఇవి పీకించేస్తాం అక్కా, మీకు అడ్డమైతే" అన్నాడాయన. వద్దన్నాను. నెటిల్స్ ఫాస్ఫేట్ ఎక్కువున్న నేలను ఇష్టపడతాయి. మనుషులూ పశువులూ చాలాకాలం ఉన్న చోట బూడిద, పేడ, ఎముకలు కలిసి మట్టిలో ఫాస్ఫేట్ పేరుకుంటుంది. మన పల్నాటి రైతులు పాటిదిబ్బల మట్టి బండ్ల మీద తోలుకెళ్లి చేలకు చల్లుకునేది ఇందుకే. ఆ పాటిమన్నుతో పాటు ఎన్ని ఊళ్ల చరిత్ర చేలల్లో కలిసిపోయిందో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. నెటిల్స్ ఒక్కటే రుజువు కాదు, నిన్నమొన్నటి పేడకుప్ప మీదా అవి మొలుస్తాయి. కానీ మిగతా వాటి పక్కన పెట్టి చూస్తే వాటికీ ఒక విలువ ఉంది.

నేను అడిగే ఇంకో ప్రశ్న అందరికీ వింతగా ఉంటుంది: సెప్టిక్ ట్యాంక్ ఎక్కడ? పాత గ్యారేజీ పునాది ఎంత లోతు? కంకర కోసం ఎవరైనా గొయ్యి తీశారా? పూర్వం ఏముండేదో ఒక సగం, దాన్ని తర్వాతివాళ్లు ఎంత పాడుచేశారో ఇంకో సగం. ఇక్కడ షెడ్డుకి పునాదే లేదు, ఉత్త సిమెంటు పలక. డ్రైనేజీ గొట్టం ఒక అంచున పోయింది. మిగతాదంతా కూరగాయల మళ్లు, పచ్చిక. చెక్కుచెదరకుండా ఉండే అవకాశం బాగా ఉన్నట్టే.

ఈ చిన్న పెరళ్ల గురించి నేనెందుకింత పట్టుదలగా ఉంటానో చెప్పాలి.

ఇంగ్లండులో మధ్యయుగపు పల్లె అనగానే ఆర్కియాలజీ చదివినవాళ్లకు ముందు గుర్తొచ్చేది యార్క్‌షైర్‌లోని వారమ్ పర్సీ. జనం వదిలేసిన ఊరు. మారిస్ బెరెస్‌ఫర్డ్, జాన్ హర్స్ట్ 1950 నుంచి 1990 దాకా, ఏటా వేసవిలో అక్కడ తవ్వారు. గొప్ప పని. కానీ అలా దశాబ్దాల పాటు శ్రద్ధ అంతా చచ్చిపోయిన ఊళ్ల మీదే పోయింది, ఎందుకంటే వాటిమీద ఎవరూ కాపురం లేరు, తవ్వుకోవచ్చు. బతికి ఉన్న ఊళ్లు, అంటే ప్లేగునూ కరువునూ యుద్ధాలనూ తట్టుకుని నిలబడ్డవి, తవ్వకుండా మిగిలిపోయాయి. సోమర్సెట్‌లోని షాప్‌విక్ ఊళ్లో మిక్ ఆస్టన్, క్రిస్ జెరార్డ్ 1990లలో జనం తోటల్లో చిన్న చిన్న గుంటలు తీయించి ఆ లోటు పూడ్చే దారి చూపించారు.

ఆ దారిని ఎక్కడికో తీసుకెళ్లింది కారెంజా లూయిస్ అనే ఆర్కియాలజిస్టు. 2005 నుంచి తూర్పు ఇంగ్లండు ఊళ్లలో బడిపిల్లల చేతా ఊరివాళ్ల చేతా మీటరు పొడవు, మీటరు వెడల్పు గుంటలు తవ్వించారు. పది సెంటీమీటర్ల పొర ఒకటి తీయడం, మట్టి జల్లెడ పట్టడం, పెంకులు వేరుచేయడం, మళ్లీ ఇంకో పొర. యాభైకి పైగా ఊళ్లలో రెండు వేల గుంటలు. దొరికిన కుండ పెంకులను కాలాల వారీగా లెక్కేసి 2016లో ఫలితం ప్రచురించారు. 1348, 1349లలో వచ్చిన మహా ప్లేగుకు ముందు కాలంతో పోలిస్తే తర్వాతి కాలంలో పెంకులు దొరికిన గుంటలు దాదాపు 45 శాతం తగ్గిపోయాయి. రాజుల రికార్డుల్లో పేరు కూడా లేని మనుషులు ఎంతమంది పోయారో, వాళ్ల ఇంటి కుండలు లేకపోవడం చెప్పింది. అదీ గులాబీ మళ్ల పక్కన, బట్టలారేసే తీగల కింద తీసిన గుంటల్లోంచి. నాకు ఈ ఉద్యోగం మీద గౌరవం స్థిరపడింది ఆ పేపరు చదివినప్పుడే.

పేపర్లలో వచ్చేవి వేరు. నార్తాంప్టన్‌షైర్‌లో హార్‌పోల్ అనే ఊరి దగ్గర 2022 ఏప్రిల్‌లో, ఇళ్లు కట్టే ముందు జరిగిన తవ్వకంలో, ఏడో శతాబ్దపు ఒక స్త్రీ సమాధిలో ముప్ఫై పూసలూ బిళ్లలతో బంగారు హారం దొరికింది. ఆమె శరీరంలో మిగిలింది పంటి ఎనామెల్ ముక్కలే. మా కేంబ్రిడ్జి పక్కనే ట్రంపింగ్టన్‌లో 2011లో, అదీ కాలనీ కట్టే చోటే, మంచంతో సహా పాతిపెట్టిన పదహారేళ్ల అమ్మాయి, ఆమె గుండెల మీద ఎర్రరాళ్లు పొదిగిన బంగారు శిలువ. ఆ జంట ఇవి గూగుల్‌లో చదివి, "మాకూ ఇలాంటిది దొరికితే ఇల్లు కట్టనివ్వరా?" అని భయపడ్డారు. అలాంటివి దొరకడం చాలా అరుదు. దొరికినా దాదాపు ఎప్పుడూ పద్ధతిగా తవ్వి తీశాక ఇల్లు లేస్తుంది; ట్రంపింగ్టన్‌లో ఈరోజు జనం కాపురాలున్నారు. మామూలు పెరట్లో దొరికేది గుంత, కందకం, గుంజ పాతిన చోటు, పెంకులు, ఎముకలు. ఊరి కథ చెప్పేవి ఇవే.

ఇక రిపోర్టులో అసలు భాగం. కాలాల వారీగా అవకాశం తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని రాయాలి. ఇక్కడే ఒత్తిడి వస్తుంది. డబ్బులిచ్చేది కట్టేవాళ్లు కాబట్టి "తక్కువ" అని రాస్తే అందరికీ హాయి. వృత్తి నియమాలు మాత్రం, ఎవరు డబ్బులిచ్చినా అంచనా మారకూడదంటాయి, అది న్యాయం. నా లెక్కలో "తక్కువ" అని రాయాలంటే కారణం ఉండాలి: పక్కన తవ్వి చూశారు, ఏమీ లేదు, లేదా పాత గని గొయ్యి మొత్తం తినేసింది. ఎవరూ చూడలేదన్నది "తక్కువ" అనడానికి కారణం కాదు. రోమన్ కాలానికి మధ్యస్థం అని, సాక్సన్ చివరి కాలం (1066కి ముందు) నుంచి మధ్యయుగాల దాకా ఎక్కువ అని రాశాను. నేలలోని అయస్కాంత తేడాలు కొలిచే మాగ్నెటోమీటర్‌తో, తవ్వకుండానే చూడొచ్చు కదా అని ఆర్కిటెక్ట్ అడిగారు. పొలాల్లో అది అద్భుతంగా పనిచేస్తుంది. ఊరి మధ్యలో ఇనుప కంచెలు, గొట్టాలు, పక్కింటి కారు, మట్టిలో పాత మేకులు. తెరమీద అంతా నల్లటి మరకే.

కౌంటీ ఆర్కియాలజిస్టు మా రిపోర్టు చదివి, అనుమతి ఇచ్చే ముందే రెండు ట్రయల్ ట్రెంచ్‌లు వేయమన్నారు. చిన్న డిగ్గరుకి పళ్లు లేని బకెట్ తగిలించి, పలచటి పొరలుగా గీకుతూ పోవాలి. ఒకరు కళ్లార్పకుండా పక్కనే నిలబడి చూస్తుంటారు. అరవై సెంటీమీటర్ల దాకా నల్లటి తోటమట్టి. అందులో నీలం పూల పింగాణీ ముక్కలు, తెల్లటి మట్టి చుట్టపైపుల కాడలు. దాని కింద పసుపు రంగు నేచురల్, ఎవరూ కదిలించని నేలను మావాళ్లు అలా అంటారు. ఆ పసుపుని అడ్డంగా కోస్తూ గోధుమ రంగు పట్టీ ఒకటి.

దాని సగం చేత్తో తవ్వాం. మోకాలి లోతు కందకం. అడుగున ఒక ఆవు దవడ ఎముక, ఏడెనిమిది పెంకులు. ఒకటి కడిగి వేళ్ల మధ్య రుద్ది చూశాను. సబ్బులా జారింది. విరిగిన అంచులో గుల్లల తెల్లటి పలుకులు మెరిశాయి. సెయింట్ నీట్స్ వేర్ అంటారు, ఈ ప్రాంతంలో పది నుంచి పన్నెండో శతాబ్దం దాకా వంటకు వాడిన కుండలు. మసి ఇంకా అంటుకునే ఉంది. కందకం ఏ దిక్కుగా పోతోందో తాడు పట్టి చూస్తే, ఈరోజు కంచె పక్కనే, దానికి సమాంతరంగా, అదే వంపుతో పోతోంది. 1086లో ఇంగ్లండు రాజు ఊరూరి భూముల లెక్క, డూమ్స్‌డే అనేది, రాయించేనాటికే ఈ పెరటి హద్దు గీసి ఉండవచ్చు. ఆ అమ్మాయి పెంకుని చేతిలోకి తీసుకుని మసి వైపు తిప్పి చాలాసేపు చూసింది. "ఇక్కడ వంట చేసుకున్నారా?" అంది. అవునన్నాను.

అనుమతి వచ్చింది. షరతు ఒకటి పెట్టారు: ఇంటి పునాది పడే మేర ముందుగా తవ్వి నమోదు చేయాలి. గ్యారేజీని కందకం మీదినుంచి పక్కకు జరపడంతో తవ్వాల్సిన చోటు తగ్గింది, ఖర్చూ తగ్గింది. కందకంలో ఎక్కువ భాగం పచ్చిక కింద అలాగే ఉండిపోయింది.

నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. ఇదే ఊళ్లో పక్కింటివాళ్లు వెనక గది పొడిగించుకుంటే, పెర్మిటెడ్ డెవలప్‌మెంట్ కింద ప్లానింగ్ దరఖాస్తే అక్కర్లేని సందర్భాలు చాలా ఉన్నాయి. దరఖాస్తు లేకపోతే ఈ ప్రశ్న వేసేవాళ్లే ఉండరు. కందకం అవతలి సగం ఒక కన్సర్వేటరీ (అద్దాల గది) కింద ఎవరూ చూడకుండా పోవచ్చు. వంద ఇళ్ల కాలనీకి పెట్టే శ్రద్ధలో పదోవంతు ఊరి నడిబొడ్డున పడే చిన్న పునాదులకు పెడితే ఎంత తెలుస్తుందో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

పల్లెలో స్థలం కొనబోయే మనవాళ్లకు నేను చెప్పేది ఇది. ఆర్కిటెక్ట్ డ్రాయింగులు ఖాయం చేయకముందే అసెస్‌మెంట్ చేయించండి, గోడ ఎటు జరపొచ్చో అప్పుడే తేలుతుంది. కౌంటీ ఆర్కియాలజీ ఆఫీసుకి ముందే ఒక మెయిల్ పెట్టి వాళ్లేం అడుగుతారో కనుక్కోండి. ట్రెంచ్‌ల ఖర్చు, ఏదైనా దొరికితే అయ్యే ఖర్చు, రెండూ వేరుగా బడ్జెట్‌లో రాసుకోండి. స్థలం చర్చి గోడకి దగ్గరగా ఉంటే పాత సమాధులు బయటపడే అవకాశం ఉంటుంది. వాటిని కదిలించాలంటే న్యాయశాఖ లైసెన్సు కావాలి, దానికీ టైము పెట్టుకోండి. తవ్వే రోజున మాత్రం సెలవు పెట్టి పిల్లల్ని తీసుకుని రండి. సైటు సూపర్‌వైజరుని ముందే అడిగితే హెల్మెట్లు ఇచ్చి, నిలబడటానికి చోటు చూపిస్తారు.